గృహసాక్షి

జబ్బు నయమైన మొగుడంత దండగ సరుకు ఇంట్లో మరొకటి ఉండదని లాస్య నిశ్చితాభిప్రాయం. జబ్బుగా ఉన్నన్నాళ్లూ హృదయ్ బంగారంలాంటి మనిషి. పెట్టింది తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు, ఇష్టంలేని పెళ్లిళ్లు ఎగ్గొట్టడానికి ఇద్దరికీ సరిపడా గౌరవమైన సాకుగా పనికొచ్చాడు. నయమయ్యాక సాకూ పోయింది, బంగారమూ పోయింది. మిగిలిన మనిషి రోజూ పొద్దున్నే మంచం అంచున కూర్చుని, చొక్కా ఒళ్లో పెట్టుకుని, దాన్ని తొడుక్కోవడం సముద్రం దాటడంతో సమానమన్నట్టు చూస్తుంటాడు.

ఆ పొద్దున కూడా అంతే.

“చెయ్యి పైకి రావట్లేదు లాస్యా,” అన్నాడు.

పైకి రాకపోతే కిందే ఉంచుకోమని ఆమె వంటింట్లోంచే సలహా ఇచ్చింది.

వంటింటి గోడ అప్పటికే మేలుకుని ఉంది. గృహసభ్యులు ఇద్దరని, ఇద్దరి రక్తమూ ప్రశాంతంగా ఉందని, హృదయ్ గారి జాడసంఖ్య యథాప్రకారం శూన్యమని విన్నవించుకుంది. ఆ తరవాత పెళ్లిచూపుల్లో పిల్ల తల్లిలా గొంతు మెత్తగా చేసుకుని, “హృదయ్ గారికి నొప్పులేమైనా ఉన్నాయా?” అని అడిగింది.

అడిగింది హృదయ్ గురించే అయినా జవాబు చెప్పాల్సింది లాస్య.

“నొప్పా పాడా. వేషాలు,” అని చెప్పి ఆమె పోపు వేసింది.

నొప్పులు లేవని నమోదు చేసుకుని గోడ ధన్యవాదాలు చెప్పింది. పడగ్గదిలో చొక్కా ఇంకా ఒళ్లోనే ఉంది.

ఈ గోడల కాలం వచ్చి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు పుట్టే పిల్లలకు బారసాల నాడే, పేరు పెట్టిన పీటల మీదే, మెడ ఎముక కింద బియ్యపుగింజంత యంత్రాన్ని దించుతున్నారు. లాస్య, హృదయ్‌ల తరం వాళ్లు నడివయసులో వరసల్లో నిలబడి దింపించుకున్నారు. ఆరోగ్యమండలి దానికి పెట్టిన పేరు రక్తసంవేది. పగలనక రాత్రనక రక్తంలో పారే ప్రతిదాన్నీ అది లెక్కపెడుతుంది, ఆ లెక్కలు ఇంటి గోడకు చేరవేస్తుంది. లాస్య దాన్ని నెత్తుటి గుమాస్తా అంటుంది. తన పద్దులో లేనిది లోకంలోనే లేదనుకునే గుణం గుమాస్తాలకే ఉంటుందని ఆమె వాదన.

ఆ గుమాస్తా చెప్పినట్టే పొయ్యి ఉప్పు తూచి వేస్తుంది. ఆ గుమాస్తా ఒప్పుకుంటేనే కొట్టు అర తెరుచుకుని బెల్లం ఇస్తుంది. అందుకని లాస్య బియ్యం డబ్బా వెనక ఒక అచ్చు బెల్లం ఎప్పుడూ దొంగచాటుగా దాచి ఉంచుతుంది. తినడానికి కాదు, గోడకు తెలియనిది ఒకటి ఇంట్లో ఉండాలని. సంబంధాలు చూసేవాళ్లు జాతకాలు మానేసి రక్తరేఖలు చూసుకుంటున్నారు. జాతకాలు కుదరని సంబంధాలే రక్తరేఖలూ కుదరక తప్పిపోతున్నాయి. ప్రతి గడప పక్కనా ఒక గుమ్మందీపం ఉంటుంది. ఇంట్లోవాళ్ల రక్తం బాగుంటే ఆకుపచ్చగా, తేడా వస్తే పసుపుపచ్చగా వెలుగుతుంది. వచ్చినవాళ్లు ముందు దీపం చూసి, ఆ తరవాతే చెప్పులు విప్పాలా వద్దా అని నిర్ణయించుకుంటారు. ఒకరినొకరు బాగున్నారా అని అడగడం మోటు అయిపోయింది. దీపం కనబడుతుంటే అడగడం దేనికని.

హృదయ్ జబ్బు పేరు పెద్దది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా. ఎముక మజ్జలో రెండు క్రోమోజోములు తోకలు మార్చుకుంటాయి. ఆ మార్పిడిలో ఒక దొంగజన్యువు పుట్టి, తెల్లకణాలను హద్దూ పద్దూ లేకుండా పుట్టించమని మజ్జను పోరుతుంది. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివిన లాస్యకు ఈ సంగతి డాక్టరు చెప్పకముందే తెలుసు. చదువు వల్ల ఆమెకు కలిగిన లాభం, అందరికంటే ఒక పూట ముందు భయపడడం. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్లు నాలుగైదేళ్లలో పోయేవారు. తరవాత మాత్రలొచ్చాయి, మనుషులు రోజుకో మాత్ర మింగుతూ ముసలివాళ్లు కావడం మొదలుపెట్టారు. హృదయ్ వంతు వచ్చేసరికి మాత్ర కూడా పోయి, మందుగింజ వచ్చింది. దాన్ని జబ్బ చర్మం కింద నాటుతారు. గుమాస్తా లెక్క చూసి చెప్పినంత మందు అది రక్తంలోకి వదులుతుంది.

దొంగజన్యువు రక్తంలో ఎంత మిగిలి ఉందో చెప్పే అంకెకే జాడసంఖ్య అని పేరు. హృదయ్ జాడసంఖ్య మెట్లు దిగే పెద్దమనిషిలా నిదానంగా దిగింది. ఏడాదికి వెయ్యికొకటి, ఆ తరవాత పదివేలకొకటి, ఆ పైన వెతికినా దొరకని స్థితి. దొరకని స్థితిలోనే ఏళ్లు గడిచాయి. అలా గడిచినవాళ్లకు మండలి మందుసెలవు ఇస్తుంది. మందుగింజ నోరు మూసేసి చూస్తారు. సగంమందికి జబ్బు మరి తిరిగి రాదు. మిగతా సగానికి కొన్ని నెలల్లో జాడ మళ్లీ కనబడుతుంది, మందు మళ్లీ మొదలుపెడితే మళ్లీ దిగిపోతుంది. ప్రాణభయం ఏమీ లేదని డాక్టరు అప్పుడే విడమరిచి చెప్పింది.

ఆ సగంమంది అన్న మాట హృదయ్ చెల్లెలు జోషిక చెవిన పడలేదు. జోషిక ఆరోగ్యమండలిలో ప్రచారసారథి. చెవులతో ఆ ఉద్యోగానికి పని లేదు. అన్నయ్యకు మందుసెలవు వచ్చిందని తెలియగానే వాళ్లుండే భవనంలోని నలభై అంతస్తుల జనాన్నీ పోగుచేసి నిర్జాడ వేడుక చేసింది. అన్నయ్యకు శాలువా కప్పించింది. తమ వంశం రక్తంలోనే గెలుపు ఉందని ఉపన్యసించింది. ఆ వంశం రక్తంలోనే జబ్బూ పుట్టిందన్న సంగతి లాస్య వెనక వరసలో కూర్చుని మర్యాదగా మనసులోనే ఉంచుకుంది. పద్నాలుగేళ్ల పాటు వాంతులు ఎత్తినందుకు, పిక్కలు పట్టేస్తే అర్ధరాత్రుళ్లు నొక్కినందుకు, ఆమెకు కుండీలో ఒక మొక్కను బహూకరించారు. దానికి నీళ్లు కూడా గోడే పోసుకుంటుందట. ఉత్తమ గృహసాక్షి అని బిరుదు ఒకటి.

గృహసాక్షి అన్న పదవి వెనక ఒక కథ ఉంది. గోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో అవి రోగినే అడిగేవి. కృష్ణకు ఇటూ అటూ ఉన్న ఏ ఇంట్లోనూ ఆ పద్ధతి సాగలేదు. రోగి నోరు తెరిచేలోపు పక్కనుంచి భార్య చెప్పేసేది. ఆకలి ఉందండీ కానీ తినరు, నిద్ర పడుతుందండీ కానీ పట్టలేదంటారు, అని. పూర్వం ఆసుపత్రుల్లో డాక్టర్లకు అలవాటైన ఆ సంగీతం యంత్రాలకు అర్థం కాలేదు. ఒక గొంతును అడిగితే మరో గొంతు పలుకుతోందని అవి తికమకపడ్డాయి. మండలి మేధావులు చాన్నాళ్లు పరిశోధన చేసి, ఈ ప్రాంతంలో మొగుడి ఒళ్లు పెళ్లాం నోట్లో ఉంటుందని కనిపెట్టారు. కనిపెట్టి దాన్నే చట్టం చేశారు. అప్పటినుంచీ మగవాడి బాధలకు భార్య మాటే వాంగ్మూలం. ఆమె ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. ఆడవాళ్ల బాధలకు భర్తలను సాక్షులుగా పెట్టి చూశారు కానీ, అడిగినప్పుడల్లా వాళ్లు “ఏమో, ఆవిడ్నే అడగండి” అనడంతో ఆ ప్రయత్నం మానుకున్నారు.

హృదయ్‌కు నొప్పులు మందు ఆపిన రెండో నెలలో మొదలయ్యాయి. ముందు భుజాలు, తరవాత తుంట్లు, ఆ తరవాత మణికట్లు. కుళాయి తిప్పడానికి రెండు చేతులూ వాడేవాడు. కుర్చీలోంచి లేవాలంటే ముందు ముందుకు వంగి, ఆగి, మడతమంచం విప్పినట్టు విడతలుగా లేచేవాడు. ఇవన్నీ లాస్య చూసింది. చూడకపోవడానికి ఆమె ఏమీ గుడ్డిది కాదు. కానీ చూసినదానికి ఆమె దగ్గర వేరే అర్థం సిద్ధంగా ఉంది.

పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో మొదటి దోసె ఆయనది. కిటికీ పక్క కుర్చీ ఆయనది. బజారుకు వెళ్లక్కర్లేని హక్కు, చుట్టాలు వస్తే పడుకునే హక్కు, మాట నచ్చకపోతే నీరసమని కళ్లు మూసుకునే హక్కు, అన్నీ ఆయనవే. ఇప్పుడు రోగమనే ఉద్యోగంలోంచి పదవీవిరమణ అయ్యింది. హక్కులు మాత్రం పింఛనుగా కొనసాగాలంటున్నాడు. లాస్యకు అర్థమైంది ఇది. ఈ అర్థం ఆమెకు ఎంతో హాయిగా కూడా ఉంది, ఎందుకంటే అన్నేళ్ల తరవాత మొదటిసారి ఆయన్ను విసుక్కోవడానికి ఆమెకు అధికారం వచ్చింది. క్యాన్సరు ఉన్నవాడిని విసుక్కుంటే కళ్లు పోతాయి. శూన్యం ఉన్నవాడిని ఎంతైనా విసుక్కోవచ్చు.

విచిత్రం ఏమిటంటే, లాస్య గోడ మాట ఏనాడూ నమ్మిన మనిషి కాదు. ఆమె పాయసం విషమని గోడ అంటే ఇంకో గరిటె వేసుకుంది. ఆమెకు నిద్ర సరిపోయిందని గోడ అంటే ఆవలించి చూపించింది. అలాంటిది, హృదయ్‌కు ఏమీ లేదని గోడ చెప్పిన మాటను మాత్రం వేదవాక్కుగా తీసుకుంది. మొగుడికి వ్యతిరేకంగా చెప్పింది కనక నమ్మడం తేలికైంది.

మూడో నెలలో డాక్టరుతో మాట్లాడే రోజు వచ్చింది. డాక్టరు గోడ మీద ప్రత్యక్షమైంది. పేరు వెంకాయమ్మ. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. జుట్టు సగం నీలం. లాస్యలూ జోషికలూ ముసలివాళ్ల పేర్లయిపోయాక, కొత్త తరం ముద్దుగా ఉంటాయని వెంకాయమ్మలనూ సుబ్బారాయుళ్లనూ తవ్వి తీసుకుంది. హృదయ్ ఆ రోజు, రెండు భుజాలూ పట్టేస్తున్నాయనీ రాత్రిళ్లు పక్కకు తిరగలేకపోతున్నాననీ స్వయంగా డాక్టరుకు చెప్పాడు. వెంకాయమ్మ చట్టప్రకారం లాస్య వైపు చూసింది.

“పక్కింటివాళ్ల సీమంతంలో ఎన్ని గారెలు తిన్నారో అడగండి డాక్టరుగారూ,” అంది లాస్య. “అప్పుడు చెయ్యి బాగానే లేచింది. పళ్లెం దాకా, నోటి దాకా.”

డాక్టరు నవ్వింది. హృదయ్ కూడా నవ్వాడు. ఎవరైనా చమత్కరిస్తే, అది తన మీదైనా సరే, నవ్వకపోతే బాగుండదనుకునే మనిషి ఆయన. ఆ నవ్వు తరవాత డాక్టరు దగ్గర నొప్పి మాట మళ్లీ ఎత్తలేదు. లాస్యకు మాత్రం రోజూ చెప్పాడు. రోజూ ఒకే రకంగా, గొంతు పెంచకుండా, వర్షం పడేలా ఉందని చెప్పినట్టు చెప్పాడు. లాస్య రోజూ గోడకు ఏదో ఒక చమత్కారం అప్పజెప్పింది. ఇంట్లో మందుల అర ఉంది. అందులో మామూలు నొప్పిమాత్రలూ ఉన్నాయి. నొప్పి నమోదైతే తప్ప ఆ అర తెరుచుకోదు.

ఒక శనివారం హృదయ్ మంగళగిరి కొండకు వెళ్లొస్తానన్నాడు. ఆ భవనం కిటికీలోంచి కొండ కనబడుతూనే ఉంటుంది. పానకాలస్వామి గుడికి వాహనాలు పోయే దారి ఉన్నా, ఆయన మెట్ల మీదుగానే వెళ్తానన్నాడు. చొక్కా తొడుక్కోలేని మనిషి కొండ ఎక్కగలడన్నమాట అని లాస్య మనసులో తన వాదానికి ఇంకో సాక్ష్యం చేర్చుకుంది. పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వచ్చాడు. మొహం బూడిదరంగుకు తిరిగింది. గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టింది. దీపం మాత్రం ఆయన నెత్తి మీద ఆకుపచ్చగా, నిక్షేపంగా వెలుగుతోంది.

నయమైనందుకు కృతజ్ఞత చెప్పుకోవడానికి వెళ్లాడనుకుంది లాస్య. దేవుడికి కూడా నొప్పుల సంగతి విన్నవించారా, ఆయన గృహసాక్షిని పిలవలేదా అని అడిగింది.

“చెప్పాను,” అన్నాడు హృదయ్ చెప్పుల వంక చూస్తూ. “ఆయన ఎవర్నీ పిలవలేదు.”

మాట పదునుగా వచ్చిందని లాస్యకు అనిపించింది. ఆయనకు పదునుగా మాట్లాడడం రాదు కాబట్టి పొరపాటున వచ్చిందనుకుని వదిలేసింది.

ఆ తరవాత నెలన్నరకు, ఒక పొద్దున, గుమ్మందీపం పసుపుపచ్చగా మారింది.

పాలవాడి యంత్రం పాలు గడప అవతలే పెట్టి పోయింది. ఎదురింటివాళ్లు తమ తలుపు దగ్గరికి వేసుకున్నారు. జబ్బు అంటుకునేది కాదని తెలిసినవాళ్లే, రంగు అంటుకుంటుందేమోనని. గోడ రోజూలాగే గొంతు మెత్తగా చేసుకుని, హృదయ్ గారి జాడసంఖ్య గీత దాటిందనీ, పది గంటలకు డాక్టరు మాట్లాడతారనీ చెప్పింది. లాస్య చేతిలో గరిటె ఉంది. దాన్ని గట్టు మీద పెట్టి పొయ్యి కట్టేసింది.

అరగంటలో జోషిక ఊడిపడింది. గుమ్మంలో ఆగి దీపాన్ని చూసి, అలవాటు ప్రకారం చెప్పులు విప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి, సొంత అన్నయ్య ఇల్లని గుర్తొచ్చి విప్పింది. లోపలికి వచ్చి ఏడ్చింది. ఏడుపులో సగం అన్నయ్య కోసం, సగం మండలి ప్రచార చిత్రాల కోసం. నిర్జాడ వేడుకలో శాలువాతో ఉన్న హృదయ్ బొమ్మ బెజవాడ వంతెనకు రెండువైపులా ఇంకా వెలుగుతోందట. దాన్ని దింపడానికి ఎవరి అనుమతి కావాలో ఆమెకు తెలియడం లేదు. ఏం తినిపించావు వదినా, ఏం తినిపించావు, అని నాలుగుసార్లు అడిగింది.

అప్పుడు హృదయ్ స్నానాలగదిలోంచి వచ్చాడు. కూనిరాగం తీస్తున్నాడు. చొక్కాకు ఒక చెయ్యే ఎక్కింది, రెండో చెయ్యి వేళ్లాడుతోంది. అలాగే వంటింట్లోకి వచ్చి, కొట్టు అరను బెల్లం అడిగాడు. జాడసంఖ్య పెరిగిన వ్యక్తికి మండలి కొత్త ఆహారసూచన వచ్చేదాకా బెల్లం ఇవ్వడం కుదరదని అర చెప్పింది.

“పానకం మొక్కుంది, తీర్చాలి,” అన్నాడు హృదయ్, అరతోనే, నవ్వుతూ.

మతి చెదిరిందనుకుని జోషిక నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. లాస్య మాత్రం ఆయన పళ్లను చూసింది. ఆ పళ్లు కనబడి ఎన్ని నెలలైందో ఆమెకు గుర్తు రాలేదు. బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి, దాచిన అచ్చు బెల్లం బయటికి తీసింది. జబ్బు తిరగబెట్టిన పూట దేవుడి మీద అలగకపోవడం మంచిదే అనుకుంది. ఇద్దామనుకునేలోపు గోడ మీద వెంకాయమ్మ ప్రత్యక్షమైంది.

డాక్టరు చెప్పిందంతా ధైర్యంగానే ఉంది. ఇలా జరగొచ్చని ముందే అనుకున్నాం, మందుగింజ ఇవాళే తెరుస్తాం, కొద్ది నెలల్లో జాడ మళ్లీ దిగిపోతుంది, ఇంకొన్నేళ్లకు మళ్లీ సెలవు గురించి ఆలోచించవచ్చు, అంది. జోషిక ముక్కు తుడుచుకుని, ఈ కబురును ప్రచారంలో ఏ పేరుతో పిలవవచ్చని అడిగింది. డాక్టరు వినిపించుకోలేదు. చివర్లో, వెళ్లిపోయేముందు అడగాలి కనక అడిగే ప్రశ్న అడిగింది. “ఇంకేమైనా బాధలున్నాయాండీ?”

లాస్య నోరు అలవాటుగా తెరుచుకుంది. కానీ ముందు వినబడింది హృదయ్ గొంతు.

“ఇప్పుడు నేను చెప్పొచ్చాండీ?”

డాక్టరుకు అర్థం కాలేదు. చెప్పండి, దానికేముంది, అంది.

“అంటే, మొన్నటిదాకా జబ్బు లేదు కదండీ. లేనప్పుడు చెప్తే వేషంలాగా ఉంది. ఇప్పుడు అంకె వచ్చిందిగా. ఇప్పుడు నొప్పంటే నొప్పే కదా?”

ఆ తరవాత ఆయన భుజాల గురించి, తుంట్ల గురించి, మణికట్ల గురించి ఒక వరసలో చెప్పుకుంటూ పోయాడు. కుళాయి సంగతి, కుర్చీ సంగతి, రాత్రి పక్కకు తిరగడానికి మంచం పట్టీ పట్టుకునే సంగతి. నెలల తరబడి లోపల సర్ది పెట్టుకున్న సామాను దించుతున్నట్టు, ఒక్కొక్కటే, పగలకుండా. వెంకాయమ్మ మొహంలో నవ్వు పోయింది. ఎప్పటినుంచి అని అడిగింది. మందు ఆపిన రెండో నెల నుంచి అన్నాడు.

ఇది తెలిసిన సంగతేనని డాక్టరు నెమ్మదిగా చెప్పింది. ఏళ్ల తరబడి ఈ మందుకు అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆపితే, కొంతమందికి కీళ్లూ కండరాలూ ఇలాగే పట్టేస్తాయి. జబ్బుతో దీనికి సంబంధం లేదు, జాడసంఖ్యలో ఇది కనబడదు. జనం మాత్రలు మింగే కాలంనాటి డాక్టర్లకు కూడా ఇది తెలుసు. కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. ఈలోగా మామూలు నొప్పిమాత్రలు ఇచ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. అందుకే గోడ చేత రోజూ అడిగిస్తున్నాం కదా, అని ఆగి, డాక్టరు లాస్య వైపు చూసింది. చూసి, మర్యాద తెలిసిన పిల్ల కనక చూపు తిప్పుకుని కుండీలో మొక్కను చూసింది.

ఈ మాటలేవీ జోషికకు ఎక్కలేదు. ఆమె మనసు ఇంకా బెల్లం దగ్గరే ఉంది. “అన్నయ్యా, ఆ పానకం మొక్కేంటి?” అంది.

హృదయ్ కాస్త సిగ్గుపడ్డాడు. “జాడ మళ్లీ కనబడితే బిందెడు పానకం పోయిస్తానని మొక్కుకున్నాలే.”

“క్యాన్సరు రమ్మని మొక్కుకున్నావా?”

“క్యాన్సరు కాదమ్మా. అంకె. ఏదో చిన్నది. గోడ మీద కనబడేంత.”

మండలి మేధావులు రక్తంలో పారే ప్రతిదాన్నీ లెక్కపెట్టే ఏర్పాటు చేశారు. మనిషి తన జబ్బు తిరిగి రావాలని కొండెక్కి మొక్కుకునే రోజొకటి వస్తుందని వాళ్ల లెక్కలో లేదు. ఆ మెట్లు ఆయన ఎలా ఎక్కాడో లాస్యకు ఇప్పుడు కనబడసాగింది. ఒక్కో మెట్టు దగ్గర ముందుకు వంగి, ఆగి, విడతలుగా. అలా పైకెళ్లి దేవుణ్ని అడిగింది నొప్పి తగ్గించమని కూడా కాదు. నమ్మించమని. ఎవరినో కాదు. ఆమె అరచేతిలో బెల్లం చెమటకు కరుగుతోంది.

వెంకాయమ్మ గొంతు సవరించుకుంది. నొప్పిమాత్రలు ఇప్పుడే ఇప్పిస్తానంది. కానీ నొప్పులు నమోదు కావాలి, అది ఆమె చేతిలో లేదు. వచ్చేసారి సెలవిచ్చినప్పుడు మందు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తగ్గించి ఆపాలన్నా, ఈసారి నొప్పులొచ్చాయని గోడకు తెలిసి ఉండాలి. అందుకు గృహసాక్షి మాట కావాలి.

గోడ తన ప్రశ్న అడిగింది. “హృదయ్ గారికి నొప్పులేమైనా ఉన్నాయా?”

“ఉన్నాయి,” అంది లాస్య. “మందు ఆపిన రెండో నెల నుంచీ ఉన్నాయి.”

గోడ కాస్త తడుముకుంది. “ఇది మీ మునుపటి వాంగ్మూలాలకు విరుద్ధంగా ఉంది. కారణం ఎంచుకోండి. పరికరంలో లోపం. రోగి చెప్పకపోవడం. గృహసాక్షి మరపు.”

జోషికకు ఇలాంటి చిక్కులు విప్పడంలో ఉద్యోగరీత్యా ఆరితేరిన తెలివి ఉంది. వెంటనే వదిన చెవి దగ్గరికి వంగింది. రోగి చెప్పలేదనెయ్, ఎవరికీ మాట రాదు, మండలికీ మాట రాదు, అని గొణిగింది. ఇంకా ఘోరం, హృదయ్ కూడా తలూపాడు.

“అదే అనెయ్ లాస్యా. నేనూ అంత గట్టిగా చెప్పలేదుగా,” అన్నాడు.

లాస్య ఆయన వంక చూసింది. ఆయన నిజంగానే ఆ మాట అంటున్నాడు. దెప్పడం లేదు. సీమంతం గారెల దగ్గర నవ్వినట్టే, ఆమెకు ఇబ్బంది కాకూడదని అంటున్నాడు. చొక్కా రెండో చెయ్యి ఇంకా ఖాళీగా వేళ్లాడుతోంది. అందరూ చూస్తూనే ఉన్నారు, ఎవరూ తొడగలేదు.

ఆమె బెల్లాన్ని గట్టు మీద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన దగ్గరికి నడిచింది. మోచేతి కింద పట్టుకుని, భుజం మీద భారం పడకుండా, ఆ చేతిని నిదానంగా చొక్కాలోకి పోనిచ్చింది. ఆయన పళ్లు బిగించాడు. అంత దగ్గరగా ఉంటే ఆ చప్పుడు కూడా వినబడింది.

“ఆయన రోజూ చెప్పారు,” అంది, గోడకు వినబడేటట్టు. “నాకు వినబడింది. కనబడింది కూడా. లేదని నేనే తప్పు చెప్పాను.”

“ఈ కారణం పట్టికలో లేదు,” అంది గోడ. “దయచేసి మళ్లీ చెప్పండి.”

లాస్య గోడవైపు తిరగలేదు. ఆయన చొక్కా పైగుండీ పెడుతూ, ఆయన మొహంలోకి చూసి మళ్లీ చెప్పింది.

“తప్పు నాదండీ.”